మీటరు ఇవతల సచ్చినోళ్లు ఎవరి లెక్క?

వాడలో మనిషి కరెంటు కొట్టి చనిపోతే తెల్లారి పేపర్లో నాలుగు లైన్లు వస్తయ్. "షార్ట్ సర్క్యూట్‌తో మృతి" అని రాస్తరు. పోలీసులు వచ్చి పంచనామా చేస్తరు. పెద్దమనుషులు "వాని టైం అయిపోయింది" అంటరు. కరెంటు ఆఫీసాయన "అది ఇంట్ల జరిగింది, మాకు సంబంధం లేదు" అంటడు. దినాలయినంక ఆ ఇంట్లో మళ్లీ అదే బోర్డు, అదే వైరు. చచ్చిన మనిషి ఫోటో కాడ పెట్టిన చిన్న బుగ్గ కూడా ఆ వైరు మీదనే వెలుగుతది.

అన్నలారా, అక్కలారా! టైం అయిపోయింది మనిషికి కాదు, వైరుకు. ముప్పై నలభై ఏండ్ల కింద ఒక్క బుగ్గ కోసం వేసిన వైరు మీద ఇవాళ మనం సంసారమంతా నడుపుతున్నం. ఆ వైరు మార్చే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్న అడగకుండా ఎన్ని శవాలు మోసినా లాభం లేదు.

2022 జులైలో కామారెడ్డిలోని బీడీ కార్మికుల కాలనీలో బట్టలారేసే దండెం తీగకు కరెంటు వచ్చి ఒకే ఇంట్లో నలుగురు చనిపోయారు. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. వానాకాలం, తడి బట్టలు, ఇనుప తీగ. ఆ ఇంటి మనుషులు ఏ ట్రాన్స్‌ఫార్మరూ ఎక్కలేదు, ఏ హైటెన్షన్ లైనూ ముట్టలేదు. దేశం మొత్తం మీద ఈమధ్య సంవత్సరాల్లో కరెంటు షాకుతో పోతున్న ప్రాణాలు ఏటా పది వేలకు పైనే అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెప్తున్నయ్. రైలు పడిపోతే దేశమంతా ఆగి చూస్తది. వీళ్లు మాత్రం ఒక్కరొక్కరుగా, ఒక్కో ఇంట్లో, ఒక్కో వాడలో పోతున్నరు కాబట్టి ఎవరికీ కనపడరు.

ఊరికి కరెంటు, వాడకు ఒక్క బుగ్గ

ఈ వైర్ల చరిత్ర తెలవకుండా తప్పు ఎవరిదో తేలదు. 1997 దాకా మన దేశంలో ఒక ఊరికి కరెంటు వచ్చినట్టు ఎట్లా లెక్క రాసేవాళ్లో తెలుసా? ఊరి రెవెన్యూ హద్దుల్లో ఎక్కడైనా, ఏ పనికైనా కరెంటు వాడితే చాలు. దొర బాయి కాడ ఒక్క మోటరు తిరిగితే ఊరంతా వెలిగిపోయినట్టే. 1997లో ఆ లెక్క మార్చి, జనం నివాసముండే చోట వాడకం ఉండాలన్నరు. దళితవాడలో కూడా లైను ఉండాలి, ఊర్లో నూటికి పదిండ్లకన్నా కరెంటు ఉండాలి అనే మాట సర్కారు నిర్వచనంలోకి ఎక్కడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన యాభై ఏడేండ్లకు మన వాడ కరెంటు కాగితం మీద కనపడ్డది!

అంతకు ముందు మనకు దొరికింది కుటీర జ్యోతి. 1988-89లో కేంద్రం ఆ పథకం పెట్టి పేదల ఇండ్లకు ఒక్క దీపం కనెక్షన్ ఇచ్చింది. ఇంటికి ఒక్క పాయింటు, ఒక్క హోల్డరు, ఒక్క స్విచ్చి. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేను. కందిలి పోయి బుగ్గ వచ్చినంకనే మా తరం పిల్లలకు రాత్రిపూట చదువు అందింది. కాబట్టి ఆ బుగ్గను నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ ఒక మాట మరవొద్దు. ఊర్లో పెద్దిండ్లకు కరెంటు ఇల్లు మొత్తానికి వచ్చింది, మనకు ఒక్క బుగ్గకు వచ్చింది. సర్వీసు వైరూ, లోపలి వైరూ ఆ ఒక్క బుగ్గకు తగ్గట్టు లెక్కగట్టి వేసినయే. తరువాత ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువుకూ ఆ వైరు నుంచే కొమ్మలు లాగినం. చెట్టు వేరు ఎంతుందో చూడలేదు, కొమ్మలు మాత్రం పెరిగినయ్.

మా మోతె మండలమే కాదు, సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే రోడ్డు పొడుగునా చూడండి, కోదాడ దిక్కు పోయినా మిర్యాలగూడ దిక్కు పోయినా చూడండి. ఎనభైల్లో తొంభైల్లో కట్టిన కాలనీ ఇండ్లు ఇంకా ఉన్నయ్. స్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు కనపడతయ్. వానొస్తే గోడలు చెమ్మగిల్లుతయ్. ఆ చెమ్మగోడకే మెయిన్ బోర్డు. చెక్క బోర్డు మీద పగిలిన పింగాణి ఫ్యూజు. గోడ మీద చెక్క పట్టీ, దాని మీద రేకు క్లిప్పులు, ఆ క్లిప్పుల్లో ఎప్పటిదో తెలవని వైరు. మధ్యమధ్యల అతుకులు, అతుకుల మీద పాల కవరు ముక్క చుట్టి కట్టిన దారం. ఇది ఎవరి ఇల్లో చెప్పక్కరలేదు. చదివేవాళ్లలో సగం మంది ఇంట్లో తలెత్తి చూస్తే కనపడతది.

వైరు ఎందుకు సస్తది?

వైరుకు కూడా వయసుంటది. లోపలి లోహాన్ని కప్పి ఉండే తొడుగు పాతకాలంలో రబ్బరు, తరువాత ప్లాస్టిక్. ఏండ్లు గడిచినకొద్దీ, వేడి తగిలినకొద్దీ రబ్బరు ఎండి బీటలు వారుతది, ప్లాస్టిక్ పెళుసెక్కుతది. ఎలుకలు కొరికేది వేరే. తొడుగు రాలినచోట లోపలి తీగ గోడకు, రేకుకు, చువ్వకు తగులుతది. ఖర్చు తక్కువని ఆనాడు చాలా ఇండ్లకు అల్యూమినియం వైరే వేసినరు. అది మెత్తని లోహం. స్క్రూ కింద నలిగి లూజవుతది, పైన తుప్పులాంటి పొర పడతది. లూజైన అతుకు కాడ వేడి పుడతది, మెరుపులు వస్తయ్. పండుకునే ముందు బోర్డు కాడ చిటపట వినపడుతున్నదంటే అర్థం అదే.

ఇక బరువు సంగతి. మా బడిలో పిల్లలకు చెప్పే లెక్కనే చెప్తాను. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. అరవై వాట్ల బుగ్గ వెలిగితే వైరులో పావు ఆంపియరు కన్నా కొంచెం ఎక్కువ పారుతది. పదిహేను వందల వాట్ల నీళ్ల హీటరు రాడ్డు పెడితే ఆరున్నర ఆంపియర్లు. అంటే ఒక్క రాడ్డు పాతిక బుగ్గలతో సమానం. మనం దాన్ని పెట్టేది ఐదు ఆంపియర్ల ప్లగ్గులో! ఇంకో మాట గుర్తుంచుకోండి. వైరులో కరెంటు రెండింతలైతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలైతది. ఎండాకాలం కూలరు, ఫ్రిజ్జు, రెండు ఫ్యాన్లు, టీవీ, నీళ్ల మోటరు అన్నీ ఆ ఒక్క వేరు నుంచే తాగుతున్నప్పుడు వైరు కాలకుండా ఎట్లుంటది?

అప్పుడు ఫ్యూజు పోతది. పోవడమే దాని పని. "ఊకె పోతాంది" అని దాంట్లో దొడ్డు రాగి పోగు వేస్తం. ఇంక అది పోదు. ఫ్యూజు పోవాల్సిన చోట వైరే కాలుతది, వైరుతో పాటు ఇల్లు కాలుతది.

ఫ్యూజు ఇంటికి, మనిషికి కాదు

ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఉంది. ఫ్యూజు గానీ, కొత్తగా వచ్చిన ఎంసీబీ గానీ కాపాడేది వైరును, మనిషిని కాదు. ఐదు ఆంపియర్ల ఫ్యూజు అంటే ఐదు వేల మిల్లీ ఆంపియర్లు. మనిషి గుండె ఆగడానికి అంత అక్కరలేదు. ముప్పై మిల్లీ ఆంపియర్లు దాటి కొద్దిసేపు ఒంట్లోంచి పారితే ప్రాణానికి ప్రమాదం. మనిషి కూలరుకు అతుక్కొని కొట్టుకుంటున్నా ఫ్యూజుకు తెలవనే తెలవదు. దాని లెక్కలో అది ఒక చిన్న బుగ్గ వెలిగినంత!

మనిషిని కాపాడేవి రెండు. ఒకటి ఎర్తు. కూలరు డబ్బాకు, ఫ్రిజ్జుకు, మోటరుకు తగిలిన కరెంటును భూమిలోకి తీసుకపోయే తోవ అది. రెండోది ఆర్‌సీసీబీ అనే చిన్న డబ్బా. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నయా లేవా అని అది కాపలా కాస్తది. ముప్పై మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే, అంటే ఎవరి ఒంట్లోంచో భూమిలోకి కారుతున్నదంటే, రెప్పపాటులో కొట్టేస్తది. రెండు తీగలూ రెండు చేతులతో పట్టుకుంటే మాత్రం అది కూడా కాపాడలేదు. షాపులో దాని ధర రెండు వేలకు అటూ ఇటూ. వాడలో మనిషి ప్రాణానికీ చావుకూ మధ్యన ఉన్న దూరం ఈ రెండు వేలు.

మన ఇండ్లల్లో ఎర్తు ఎక్కడుంది? మూడు కాళ్ల ప్లగ్గు ఉంటది, మూడో రంధ్రం వెనక తీగ ఉండదు. ఉత్త బొక్క. కూలరు ముట్టుకుంటే తిమ్మిరెక్కుతదని ఆడవాళ్లు చెప్పులేసుకొని నీళ్లు పోస్తున్నరు. తడి చేతులతో స్విచ్చి వేసేది వాళ్లు, దండెం మీద బట్టలారేసేది వాళ్లు, కూలర్లో నీళ్లు నింపేది వాళ్లు. వాడలో పాత వైరు ముందు కాటేసేది ఆడోళ్లనీ పిల్లలనే.

రూలు పుస్తకం ఏమంటది?

రూలు లేక ఇట్లా జరగలేదు. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోనే రాసుంది: కనెక్షన్ ఉన్న ప్రతి వైరింగునూ ఐదేండ్లకు మించకుండా తనిఖీ చేసి పరీక్షించాలి. ఇన్‌స్పెక్టరన్నా చెయ్యాలి, సర్కారు ఆదేశం ప్రకారం కరెంటిచ్చే సంస్థన్నా చెయ్యాలి. 2010లో వచ్చిన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లోనూ ఆ ఐదేండ్ల మాట ఉంది. మీ ఇంటికి వైరింగు పడి ఎన్నేండ్లయింది? ఎన్నిసార్లు వచ్చి చూసినరు? బిల్లు కొట్టేటందుకు నెలనెలా వచ్చే మనిషి మీటరు దాటి లోపలికి తొంగి చూసిండా?

ఇంకోటి. ఇంటికి కరెంటు మొదలయ్యే చోట ఎర్తు టెర్మినల్ ఒకటి పెట్టి, దాన్ని బాగుండేటట్టు చూసే బాధ్యత కరెంటిచ్చే సంస్థదే అని 1956 నియమాల్లోనూ ఉంది, 2010 నిబంధనల్లోనూ ఉంది. మన వాడల్లో ఆ టెర్మినల్ ఎవరన్నా చూసినరా?

మూడోది వింటే కడుపు మండుతది. ఆర్‌సీసీబీ లాంటి రక్షణ పరికరం ఉండాలని 2010 నిబంధనలు చెప్పినయ్, కానీ ఐదు కిలోవాట్ల లోపు ఇండ్లను మినహాయించినయ్! ఐదు కిలోవాట్లు దాటేది ఎవరి ఇండ్లు? ఏసీలు, గీజర్లు ఉన్న ఇండ్లు. ఎర్తు బాగున్న, కొత్త వైరున్న ఇంటికి కాపలా తప్పనిసరి. చెమ్మగోడకు పాత వైరున్న ఇంటికి అక్కరలేదు. పెద్దోని ప్రాణానికి రూలు, పేదోని ప్రాణానికి మినహాయింపు. ఆ నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చినయ్. కాగితం మారింది, మన గోడ మీది చెక్క బోర్డు మాత్రం మారలేదు.

ఆఫీసుకు పోయి అడిగితే ఒక్కటే జవాబు: "మీటరు అవతల మాది, ఇవతల మీది." ఊరి బయట గీత గీసి "ఆ గీత అవతల మీరు, ఇవతల మేము" అన్న మాట మన తాతలు విన్నరు. ఇప్పుడు ఆ గీత మీటరు కాడికి వచ్చింది. 2019లో పల్లె ప్రగతి అని ఊరూరా వంగిన స్తంభాలు లేపినరు, వేలాడే తీగలు బిగించినరు. మంచిదే. అయితే ఆ పని స్తంభం కాడ ఆగింది, గడప దాటలేదు.

యూనిట్లు ఉచితం, వైరు ఎవరిది?

2013లో ఎస్సీ, ఎస్టీ ఇండ్లకు 50 యూనిట్ల దాకా ఉచితమన్నరు. తెలంగాణ వచ్చినంక దాన్ని 101 యూనిట్లు చేసినరు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన తెల్లకార్డు ఇండ్లకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. ఇవి పోరాడి తెచ్చుకున్నవే, నేను కాదనను. అయితే ఒక్కసారి ఆలోచించండి. యూనిట్లు పెరిగినకొద్దీ వాడకం పెరుగుతది, వాడకం పెరిగినకొద్దీ పాత వైరు మీద బరువు పెరుగుతది. నీళ్లు ఎక్కువ ఇడుస్తున్నరు, పగిలిన పైపు మాత్రం మారుస్తలేరు. ఉచిత కరెంటు పారేది ఉచితంగా చంపే వైరులో అయితే దాన్ని సంక్షేమం అని ఎట్లంటం?

"పాత వైరు అందరి ఇండ్లల్లో ఉంది, దీనికి కులమెందుకు?" అని కొందరు మిత్రులు అడుగుతరు. నిజమే, నిప్పుకు కులం లేదు. 2025 మే 18న హైదరాబాదులో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక పాత ఇల్లు అంటుకొని 17 మంది చనిపోయారు. షార్ట్ సర్క్యూటే కారణమని అధికారులు మొదట చెప్పిన మాట. వ్యాపారం చేసుకునే కుటుంబం వాళ్లది. ఆ పిల్లలను తలుచుకుంటే మనకూ కడుపు తరుక్కపోతది. పాత ఇల్లు ఎవరిదైనా పాత ఇల్లే. తేడా ఎక్కడొస్తదంటే, వైరు మార్చుకునే తాహతు కాడ. ఇంటికి స్థలం ఇచ్చింది సర్కారు, కట్టించింది సర్కారు, ఒక్క బుగ్గ వైరు వేసింది సర్కారు కాంట్రాక్టరు. మార్చే రోజు వచ్చేసరికి ఇల్లు నీది, వైరు నీది, చావు నీది!

"మీరు తీగలకు కొండ్లు తగిలిస్తరు, అందుకే చస్తరు" అనేవాళ్లూ ఉన్నరు. కొండి వెయ్యడం ప్రమాదమే, వద్దని మనమే చెప్పాలె. కానీ మీటరున్న ఇంట్లో, బిల్లు కట్టిన ఇంట్లో, పట్టపగలు దండెం ముట్టుకొని చచ్చిన తల్లి ఏ కొండి వేసింది?

ఇంకో ముచ్చట. డాక్టర్ అంబేద్కర్ అనగానే రాజ్యాంగం ఒక్కటే గుర్తొస్తది. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరు. దేశానికి కరెంటు విధానం ఎట్లుండాల్నో ఆలోచించే కమిటీకి ఆయనే అధ్యక్షుడు. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు ఏర్పడ్డది ఆయన హయాంలోనే. కరెంటు చౌకగా, పుష్కలంగా జనానికి అందాలని ఆయన వాదించిండు. మన వాడల్లో ఆయన విగ్రహం కాడ బుగ్గ వెలిగిస్తున్నం. ఆ బుగ్గకు పోయే వైరు అతుకుల వైరైతే ఆయన పేరు తలిచే హక్కు ఏ సర్కారుకూ లేదు.

మనం అడగాల్సింది

ఒకటి: ఎస్సీ కాలనీల్లో పాత ఇండ్లన్నిటినీ వైరింగు తనిఖీ చెయ్యాలె. ఏ ఇంట్లో ఏముందో రాసి ఆ జాబితా పంచాయతీ గోడకు అంటించాలె.

రెండు: పాడైన వైరింగు మొత్తం ఉచితంగా మార్చాలె, ఎర్తు వెయ్యాలె, ఇంటింటికీ ఆర్‌సీసీబీ పెట్టాలె. మూడూ కలిపే చెయ్యాలె. పాత వైరు మీద ఉత్త ఆర్‌సీసీబీ పెడితే ఊకె కొట్టేస్తది, రెండు దినాలకు జనం తీసి పారేస్తరు.

మూడు: పైసలు ఎక్కడియి అంటరు. 2013 సబ్‌ప్లాన్ చట్టం ఉంది, దాని తరువాత తెలంగాణ 2017లో తెచ్చిన ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. మన పేరు మీద పక్కన పెట్టిన పైసలతో మన ఇంటి వైరు మార్చకపోతే ఇంక దేనికి?

నాలుగు: ఈ పని పెద్ద కాంట్రాక్టర్లకు కాదు, ఐటీఐ చదివి ఖాళీగా తిరుగుతున్న మన పిల్లలకే ఇవ్వాలె. వాళ్లకు శిక్షణ ఇచ్చి వైర్‌మన్ పర్మిట్లు ఇయ్యాలె.

ఐదు: కరెంటుతో మనిషి చచ్చినా గొడ్డు చచ్చినా పంచనామాతో ఆపొద్దు. 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ కింద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు సమాచారం పోవాలె, కారణం తేల్చాలె. ఆ నివేదిక నకలు అడిగి తీసుకోండి. కాగితం లేని చావుకు నష్టపరిహారం రాదు.

సర్కారు కదిలేదాకా

అప్పటిదాకా చేతులు కట్టుకొని కూర్చోలేం. సంఘం కార్యకర్తలు వాడ మీటింగులో ఈ మాటలు చదివి వినిపించండి.

కూలరు, ఫ్రిజ్జు, గోడ ఏది ముట్టుకున్నా తిమ్మిరెక్కితే ఆ దినమే వాడకం ఆపండి. బోర్డు వేడెక్కినా, కాలిన వాసనొచ్చినా మెయిన్ తీసెయ్యండి. ఇనుప తీగ దండెం ఇప్పేసి నూలు తాడో నైలాన్ తాడో కట్టండి. సర్వీసు వైరు పోయే కర్రకు, రేకుకు దండెం కట్టొద్దు. కూలర్లో నీళ్లు పోసేటప్పుడు స్విచ్చి తియ్యడం చాలదు, ప్లగ్గు పీకండి. ఎందుకంటే పాత ఇండ్లల్లో స్విచ్చి న్యూట్రల్ మీద ఉంటే, అది ఆర్పినా వస్తువులో కరెంటు ఉంటది. బుగ్గ ఆరింది కదా అని హోల్డరు ముట్టుకోవద్దు. ఒక ఇంట్లో బుగ్గ మామూలు కన్నా మరీ ఎక్కువగా వెలిగి ఇంకో ఇంట్లో మసకగా ఉందంటే న్యూట్రల్ తెగినట్టు. మెయిన్ ఆర్పి 1912కు ఫోను చెయ్యండి.

మనిషి కరెంటుకు అతుక్కుంటే చేత్తో లాగొద్దు. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోయేది ఇట్లనే. ముందు మెయిన్ తియ్యండి. మెయిన్ అందకపోతే ఎండు చెక్క మీద నిలబడి ఎండు కట్టెతో నెట్టండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యల గట్టిగా, ఆపకుండా నొక్కుతూ 108కి చెప్పండి.

ఇంటింటికీ తిరిగి రాసుకోండి: వైరు ఎప్పటిది, ఎర్తు ఉందా, ఫ్యూజులో ఏముంది, తిమ్మిరి వస్తదా. ఆ పట్టిక మీద సంతకాలు, వేలిముద్రలు పెట్టించి గ్రామసభలో ఇయ్యండి, కరెంటు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. నోటి మాటకు జవాబు రాదు. రసీదున్న కాగితాన్ని పక్కన పడేసినా, రేపు ఏదన్నా జరిగితే "మాకు తెలవదు" అనే వీలుండదు.

మన వాడకు దీపం రావడానికి రెండు తరాలు పట్టింది. ఆ దీపం కింద మన పిల్లలు చదువుకోవాలె గానీ దానికి బలి కావొద్దు. మీటరు అవతల కరెంటు సర్కారుదైతే, మీటరు ఇవతల ప్రాణం కూడా ఈ దేశ పౌరునిదే. ఆ ప్రాణానికి లెక్క చెప్పమని అడుగుదాం.

జై భీం!

— ఒక బడిపంతులు, మోతె